‘ప్రొజెక్టర్’ సీడీ కొనేవారికి హెచ్చరిక: ఒరిజినల్ పేరుతో రైట్ చేసిన డిస్కులు అమ్ముతున్నారు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన డార్క్ ట్రాంక్విలిటీ అనే మెటల్ సంగీత బృందం 1999లో సెంచురీ మీడియా సంస్థ ద్వారా విడుదల చేసిన ‘ప్రొజెక్టర్’ సీడీ కోసం హైదరాబాద్‌లో వెతుకుతున్న మిత్రులు, దయచేసి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. కోఠిలోని ఒక దుకాణంలో ‘ఇంపోర్టెడ్ ఒరిజినల్’ అని చెప్పి, సీలుతో సహా నాకు 1,500 రూపాయలకు అంటగట్టినది కంప్యూటర్‌లో రైట్ చేసిన డిస్కు.

పై అట్ట చూస్తే ఎవరికీ అనుమానం రాదు. సీలు విప్పి బుక్‌లెట్ తెరిస్తే మాత్రం, పాటల సాహిత్యంలోని సన్నని అక్షరాల అంచులు స్కాన్ చేసి ప్రింటు తీసినట్లు అలుక్కుపోయి కనిపిస్తాయి. డిస్కును వెలుతురులో తిప్పి చూస్తే అడుగు భాగంలో ఆకుపచ్చ ఛాయ ఉంది. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీ అడుగు తళతళలాడే వెండి రంగులో ఉంటుంది, మధ్య రంధ్రం చుట్టూ ఉండే వలయంలో సాధారణంగా మ్యాట్రిక్స్ నంబరు (అచ్చు గుర్తింపు సంఖ్య), ‘ఐఎఫ్‌పీఐ’ (అంతర్జాతీయ సంగీత పరిశ్రమ సంఘం) అనే అతి చిన్న అక్షరాలు కనిపిస్తాయి. నాకిచ్చిన దానిలో ఆ అక్షరాలు లేవు.

నన్ను ఎక్కువ బాధపెట్టినది శబ్దం. మెలోడిక్ డెత్ మెటల్ (గర్జించే గొంతుకు రాగమయమైన గిటార్లు జోడించే మెటల్ శైలి) అభిమానులు ఈ ఆల్బమ్ గురించి నేటికీ వాదించుకోవడానికి కారణం బృంద గాయకుడు మికాయెల్ స్టానే గొంతు: అప్పటిదాకా ప్రధానంగా గ్రౌల్‌కే, అంటే గర్జనలాంటి గానానికే, పేరుపడిన ఆయన ఇందులో మంద్రస్థాయిలో, నిండైన క్లీన్ (గర్జన లేని మామూలు) గొంతుతో ధారాళంగా పాడారు. బృందం దారి తప్పిందన్నవారూ ఉన్నారు. నా దృష్టిలో బృందం సాహసమంతా ఇక్కడే ఉంది. ‘ఆక్షన్డ్’ పాటలో మెత్తని గానం, గర్జన ఒకదాని పక్కన ఒకటి నిలిచినప్పుడు వాటి మధ్య తేడా స్పష్టంగా వినిపించాలి. ఈ నకిలీలో క్లీన్ గొంతు చివర ఊపిరి వినిపించదు, సింబల్స్ (డ్రమ్ములతో పాటు మోగే తాళాలు) నీళ్లలో మోగినట్లుంటాయి, గ్రౌల్ మొదలవగానే గిటార్లన్నీ ఒకే ముద్దగా కలిసిపోతాయి. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (శబ్దం ఏ పౌనఃపున్యం వరకు ఉందో చూపే పటం) చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసి కోసినట్లు పైన ఏమీ లేదు. 44.1 కిలోహెర్ట్జ్ నమూనా రేటు గల సీడీలో దాదాపు 22 కిలోహెర్ట్జ్ వరకు చోటుంటుంది. ఫైలు చిన్నదవడానికి శబ్దాన్ని కుదించే 128 కేబీపీఎస్ ఎంపీ3లు సాధారణంగా 16 దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి ఇది ఎంపీ3 నుంచి తయారైనదని నాకు సందేహం లేదు.

సీలు విప్పిన తర్వాత వాపసు తీసుకునేది లేదని దుకాణదారు తేల్చి చెప్పారు. సీలు విప్పితే తప్ప మోసం బయటపడని వస్తువుకు ఈ షరతు ఎంతమాత్రం న్యాయం కాదు. అందుకే యూపీఐలో డబ్బు పంపే ముందే మీ ఎదుట విప్పి చూపించమనండి, బిల్లుపై ‘ఒరిజినల్’ అని రాయించుకోండి. బిల్లు నా దగ్గర ఉండటం వల్ల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫిర్యాదు నమోదు చేయగలిగాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు. ఆ దుకాణంలో అదే అరలో గోథెన్‌బర్గ్ బృందాల సీడీలు మరికొన్ని, ఇదే తరహా సీలుతో ఇంకా అమ్మకానికి ఉన్నాయి.