క్యూ బట్‌కు ఏది మేలు: ఎర్రచందనమా, రోజ్‌వుడ్డా, ఎబొనీయా?

తిరుపతిలో పూల్ క్యూ (బల్ల మీద బంతుల ఆటకు వాడే కర్ర) చేయించుకోవాలనుకునేవాళ్లు ముందు ఎర్రచందనం గురించే అడుగుతారు. శేషాచలం పక్కన ఉంటూ ఇంకో చెక్క దేనికి అన్నది వాళ్ల లెక్క. కానీ క్యూకు చెక్క ఎంచేటప్పుడు రంగు ఆఖర్న చూడాలి. ముందు బరువు, ఆ తర్వాత తేమకు చెక్క ఎంత ఉబ్బుతుంది, ఎంత కుంచించుకుపోతుంది అన్నది.

షాఫ్ట్, అంటే బంతిని కొట్టే సన్నటి ముందు సగం గురించి పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. పూల్‌కు హార్డ్ మేపుల్, స్నూకర్‌కు యాష్. రెండూ దిగుమతి చెక్కలే. టేకుతో సరిపెట్టుకుందామంటే అది మేపుల్ కంటే మెత్తన, త్వరగా సొట్టలు పడుతుంది. అసలు బేరమంతా బట్, అంటే చేత్తో పట్టుకునే వెనక సగం దగ్గరే.

బట్ 29 అంగుళాలు. రెండు సగాలూ కలిసే జాయింట్ దగ్గర 21 మి.మీ., అడుగున 31 మి.మీ. పైచిలుకు లావు. అంటే దాదాపు 400 ఘన సెంటీమీటర్ల చెక్క. ఘన సెంటీమీటరుకు రోజ్‌వుడ్ 0.83 గ్రాములు, ఆఫ్రికా నుంచి వచ్చే నల్లటి గాబన్ ఎబొనీ 0.95 తూగుతాయి. ఎర్రచందనం చేవ 1.1 దాకా పోతుంది, నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఈ లెక్కన బట్ ఒక్కటే రోజ్‌వుడ్‌లో 330, ఎబొనీలో 380, ఎర్రచందనంలో 440 గ్రాములు. షాఫ్ట్‌కు 115, సగాలను కలిపే పిన్ను, అడుగున రబ్బరు బంపర్ వగైరాలకు 35 కలపండి. రోజ్‌వుడ్ క్యూ 480 గ్రాములు, అంటే 17 ఔన్సులు. ఎబొనీ క్యూ 530. ఎర్రచందనం క్యూ 590, దగ్గర దగ్గర 21 ఔన్సులు. ఎక్కువమంది ఆడేది 19, 20 ఔన్సుల క్యూతో. తక్కువైన బరువును అడుగున బోల్టు బిగించి ఎప్పుడైనా పెంచుకోవచ్చు, ఎక్కువైనదాన్ని తీయడానికి మాత్రం చెక్క లోపల తొలచడం తప్ప దారి లేదు. రోజ్‌వుడ్‌కు నా మొదటి ఓటు ఇందుకే.

రెండో కారణం మన ఊరి గాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన పొడి ఎండ, నవంబరులో ఈశాన్య రుతుపవనాల ముసురు. నీడన పెట్టిన చెక్కలోనే తేమ 7 శాతం నుంచి 15 శాతం దాకా ఊగుతుంది. దానికి తోడు పూల్ పార్లర్లలో ఏసీ. పాలిష్ లేని 31 మి.మీ. కడ్డీలో తేమ 8 శాతం మారితే అడ్డంగా ఎబొనీ దాదాపు 1 మి.మీ. కదులుతుంది, రోజ్‌వుడ్ అర మి.మీ. మాత్రమే. ఎబొనీ ఆరడం కూడా మహా నెమ్మది. పైపొర ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఆ లాగుడుకు కొసల నుంచి నెర్రెలు విచ్చుకుంటాయి. అందుకే ఎబొనీ ముక్క ఇంటికి రాగానే రెండు కొసలకూ మైనం పట్టించాలి. 38 మి.మీ. చదరపు బద్దను గుండ్రం చేసి రెండు మూడు నెలలు పక్కన పెట్టాలి, మళ్లీ 2 మి.మీ. తీసి మళ్లీ పెట్టాలి. ఇలా నాలుగైదు విడతలు, అంటే ఏడాది పని. నెలలో ఎబొనీ బట్ చేసిస్తానన్నవారి దగ్గర చెక్క ఎప్పటి నుంచి ఆరుతోందో అడిగి తీరాలి. ఆరిందో లేదో తేల్చడానికి మీటరు లేకపోయినా ఫర్వాలేదు. బంగారం తూచే లాంటి చిన్న త్రాసు మీద వారానికోసారి తూచి, బరువూ తేదీ పెన్సిల్‌తో చెక్క మీదే రాయండి. నాలుగు వారాలు వరసగా గ్రాము కూడా మారకపోతే లేత్ ఎక్కించవచ్చు.

రోజ్‌వుడ్‌కూ తిప్పలు లేకపోలేదు. అందులో నూనె ఎక్కువ. అతికే ముందు అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే పావుగంట లోపే ఎపాక్సీ పెట్టాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి వస్తుంది, అతుకు ఏడాది తిరక్కుండా ఊడుతుంది. రంధ్రాలు పెద్దవి కాబట్టి పాలిష్‌కు ముందు పూడ్చాలి. దుకాణంలో రోజ్‌వుడ్ పేరుతో సీసం (షీషం) చెక్క అంటగట్టడం మామూలే. కోసిన చోట ఊదా ఛాయ, తీయటి వాసన ఉంటే రోజ్‌వుడ్. బంగారు గోధుమ రంగు ఉంటే సీసం అని అనుమానించాలి. సీసం చెడ్డ చెక్కేం కాదు, రోజ్‌వుడ్ ధర ఇవ్వకుంటే చాలు. పాత పట్టెమంచం కోడు దొరికితే వదలకండి. ఫోర్‌ఆర్మ్‌కు, అంటే బట్‌లో జాయింట్ వైపు ముక్కకు 12, 13 అంగుళాలు చాలు, దశాబ్దాలుగా ఆరిన చెక్క ఇక అంత తేలిగ్గా మెలి తిరగదు. లేత్ ఎక్కించే ముందు అయస్కాంతం ఆనించి మేకు ముక్కలు లేవని చూసుకోండి, లేకపోతే ఉలి పోతుంది.

దిగుమతి చెక్కల్లో పర్పుల్‌హార్ట్ నమ్మకమైనది, కాకపోతే వెలుతురుకు ఆ ఊదా రంగు మెల్లగా గోధుమకు తిరుగుతుంది. కోకోబోలో అందం అందమే గానీ దాని పొట్టు ఒంటికి పడితే కొందరికి దద్దుర్లు లేస్తాయి, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. మన నల్లమద్ది ధరకు బాగుంటుంది, ఆరేటప్పుడు పగిలే గుణం మాత్రం ఉంది.

ఇక ఎర్రచందనం. లేత్ మీద గాజులా నునుపు తేలుతుంది, ఆ ఎరుపు ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి నల్లబడుతుంది. అలల పోగు ఉన్న దుంగకు గిరాకీ ఎక్కువ, జపాన్‌లో షామిసెన్ వాద్యం మెడకు ఈ చెక్కే వాడతారు. క్యూకు మాత్రం అలల పోగు ఒంటి కడ్డీగా పనికిరాదు, ఎటు వంగుతుందో చెప్పలేం. విరుగుడు కోరింగ్: కడ్డీ ఇంకా 32 మి.మీ. లావున్నప్పుడే నడిమిన 16 మి.మీ. బెజ్జం తొలిచి, తిన్నని పోగున్న మేపుల్ కడ్డీని ఎపాక్సీతో దించాలి. 60 గ్రాములు తగ్గి క్యూ 530కి దిగుతుంది, నిటారుగానూ ఉంటుంది. మేపుల్ కడ్డీ పొడవునా సన్నటి గాడి తీయడం మరవొద్దు. గాలి, మిగులు జిగురు బయటికి పోయే దారి లేకపోతే జిగురు ఒత్తిడికి గోడ పగులుతుంది. చివర్న సాపు చేశాక జాయింట్ దగ్గర మిగిలే గోడ రెండున్నర మి.మీ. మాత్రమే.

అసలు చిక్కు రంగుతోనే. ఎర్రచందనం రంగు నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. అలంకారానికి పొదిగిన తెల్లటి మేపుల్ పాయింట్ల (కోసుగా తేలే ముక్కల) పక్కన స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ పట్టించారంటే మొదటి గుడ్డ రుద్దుడికే ఎరుపు పాకి మేపుల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. లోపలికి ఇంకితే సాండ్ పేపర్‌తోనూ పోదు. కాబట్టి అసిటోన్, స్పిరిట్ రెండూ దూరం పెట్టి, ముందు పల్చటి సూపర్ గ్లూతో మొత్తం సీలు చేసి, ఆ పైన పాలిష్ వేయాలి. పొట్టును గుడ్డతో తుడవకుండా గాలితో ఊదేయాలి.

కాగితాల సంగతి వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. అటవీ శాఖ వేలంలో అమ్మినదో, అనుమతితో పట్టా భూమిలో కొట్టినదో అయి, బిల్లూ పర్మిటూ ఉన్న చెక్క తప్ప అరచేతి ముక్క కూడా కొనవద్దు. 1995 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జాతి ఇది, మన దగ్గర ఎగుమతిపై గట్టి ఆంక్షలూ ఉన్నాయి. విదేశీ టోర్నమెంటుకు తీసుకెళ్లే క్యూ అయితే ఈ చెక్క జోలికే పోవద్దు. ఇక్కడే ఆడే క్యూకు అంతగా మోజుంటే ఏర్పేడు దగ్గరి మాధవమాల కొయ్య శిల్పుల్లా బిల్లుతో కొన్న చెక్కలో మిగిలిన ముక్కలు చాలు: బట్ అడుగున నాలుగంగుళాల స్లీవ్, జాయింట్ పక్కన రెండు సన్నటి రింగులు, మిగతాదంతా రోజ్‌వుడ్.