పురుగుకు ఏది మేలు: పాత బ్యాక్టీరియానా, కొత్తదా?

పురుగుల ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియాల గురించి ఎప్పుడు మాట్లాడినా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. జన్యువులు పోగొట్టుకుంటూ చిక్కిపోయిన బ్యాక్టీరియాను అట్టిపెట్టుకోవడం మేలా, కొత్తదాన్ని తెచ్చుకోవడం మేలా? పురుగు కూర్చుని ఎంచుకోదు, నిజమే. కానీ రెండూ జరిగాయి కాబట్టి పోల్చి చూడొచ్చు.

పాతదంటే ముందు గుర్తొచ్చేది పేనుబంకలోని బుక్నెరా. 2000లో చదివిన దాని జీనోమ్, అంటే మొత్తం జన్యు సమాచారం, సుమారు 6.4 లక్షల బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు). దాని చుట్టమైన, మన పేగుల్లో ఉండే ఈకోలై బ్యాక్టీరియాకు 46 లక్షలు. పేనుబంక పీల్చే రసంలో కరువైన అమైనో ఆమ్లాలను చేసిపెట్టే జన్యువులు నిలిచాయి, మిగతావి చాలావరకు రాలిపోయాయి. బుక్నెరా తల్లి నుంచి పిల్లకు తప్పకుండా అందుతుంది, దానికి కేటాయించిన కణాలు దాటి పోదు. ఇవి చిన్న లాభాలేమీ కావు.

అయినా నా లెక్కలో అసలు సంగతి వేరు: చెడింది బాగుపడే దారి ఉందా? పిల్లకు చేరేవి కొద్ది బ్యాక్టీరియాలే. వాటిలో లోపం ఉంటే వంశమంతా పాకుతుంది. బయటి బ్యాక్టీరియాతో కలవదు కనుక పోయిన జన్యువు మళ్లీ రాదు. బఠాణీ పేనుబంకనే చూడండి. కొన్నిటి బుక్నెరాలో, వేడిని తట్టుకోవడానికి పనికొచ్చే ఐబీపీఏ జన్యువు ముందు ఒక్కటంటే ఒక్క బేసు ఊడిపోయింది. చల్లగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పిల్లగా ఉన్నప్పుడు గట్టి వేడి తగిలిందా, పెద్దయ్యాక దానికి పిల్లలు పుట్టడమే కష్టం. 2015లో అలాంటి పేనుబంకల్లోకి లోపం లేని బుక్నెరాను ఎక్కించి పాతదాని స్థానంలో నిలబెట్టారు. వేడిని తట్టుకునే శక్తి వచ్చేసింది. మార్చాకే బాగుపడింది.

చెట్ల రసం పీల్చి బతికే సికాడా పురుగుల్లో ఇది ఇంకా ముదిరింది. వాటిలోని హాడ్జ్‌కినియా అనే బ్యాక్టీరియాకు 1.44 లక్షల బేసులే. చిలీలోని ఒక సికాడా జాతిలో అది రెండుగా చీలింది. ఒకదాంట్లో పాడైన జన్యువు రెండోదాంట్లో పనిచేస్తుంది, అందుకని రెండూ ఉండి తీరాలి. అమెరికాలో పదమూడేళ్లు, పదిహేడేళ్లు నేలలో గడిపే సికాడాల్లో ముక్కలు ఇంకా ఎక్కువ. పని పెరగలేదు, తల్లి గుడ్డులోకి పంపాల్సిన బరువు మాత్రం పెరిగింది. జపాన్ సికాడాల్లో చాలా జాతులు హాడ్జ్‌కినియాను వదిలేసి ఒక ఫంగస్‌ను పెట్టుకున్నాయని 2018లో తేలింది. ఆ ఫంగస్ దగ్గరి చుట్టాలు సికాడాలను చంపే జాతివి! ప్రాణం తీసే వంశం నుంచి తిండి పెట్టేది వచ్చిందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పాతదానికి సాయంగా మరొకదాన్ని చేర్చుకునే దారీ ఉంది. సిట్రస్ పిండినల్లిలో ట్రెంబ్లయా అనే పాత బ్యాక్టీరియా లోపలే మొరనెల్లా అనే మరో బ్యాక్టీరియా ఉంటుంది. అది అతుకులేయడమే.

కొత్తదానితో భయం లేదా అంటే ఉంది, హద్దు మీరొచ్చు. మన బియ్యం డబ్బాలో కనబడే ముక్కు పురుగు దీనికి జవాబు. దాని పూర్వీకులు నార్డోనెల్లా అనే పాత బ్యాక్టీరియాను వదిలి సొడాలిస్ అనే కొత్తదాన్ని తెచ్చుకున్నాయి. సొడాలిస్ జీనోమ్ 45 లక్షల బేసులు. పెద్ద పురుగైన కొత్తలో పైపెంకు గట్టిపడాలి, అప్పుడు పేగు దగ్గర సొడాలిస్ సంఖ్య బాగా పెరుగుతుంది. ఆ పని కాగానే పురుగే వాటిని అరిగించేసుకుంటుంది. అండాశయంలోవి మాత్రం మిగులుతాయి, తర్వాతి తరానికి.

సొడాలిస్‌లోనూ పాడైన జన్యువులు అప్పుడే కుప్పలుగా ఉన్నాయి, దానికీ అరుగుదల మొదలైంది. అయినా నా ఓటు మార్పుకే. బుక్నెరాలో ఇప్పటికే పోయినవి సొడాలిస్‌లో ఇంకా చాలా ఉన్నాయి.