ఇంటి ట్రాకులకి వాయిద్యాల శబ్దాలు: ఆరేళ్లు వాడాక నా మాట

మల్కాజిగిరిలో మా ఫ్లాట్‌లో, పడకగది మూల ఒక బల్ల వేసుకుని ఆరేళ్లుగా ట్రాకులు చేస్తున్నాను. సంగీతం పోటీలకి వెళ్లే పిల్లలకి, గుళ్లో కీర్తనలు పాడే పెద్దవాళ్లకి, డాన్స్ టీచర్లకి, బతుకమ్మ అప్పుడు మా కాలనీ వాళ్లకి. పాట వాళ్లు పాడుకుంటారు, వెనకాల వాయిద్యాలు నేను చూసుకోవాలి. పగలు ఉద్యోగం, ఇది రాత్రి పని. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కలిస్తే అడిగేది ఒకటే మాట: "ఏ లైబ్రరీ కొనమంటారు?" లైబ్రరీ అంటే వాయిద్యాల శబ్దాలు ముందే రికార్డ్ చేసి పెట్టిన కట్ట, కంప్యూటర్‌లో తెరిచి కీబోర్డ్‌తో వాయించుకుంటాం. ముందు ఏ వాయిద్యం కావాలో చెప్పమంటాను. ఒక్కో వాయిద్యానికి ఒక్కో దారి ఉంది. ఆ సంగతి తెలిసేసరికి నాకు రెండేళ్లు పట్టింది.

మొదట్లో ఒక అరేంజర్ కీబోర్డుతోనే పని నడిపాను. మామూలు కీబోర్డుల్లో ఉండే టోన్ల వరస 1991లో వచ్చిన జనరల్ మిడి పద్ధతి ప్రకారం ఉంటుంది. 128 టోన్లు. అందులో 105వది సితార్, 112వది షెహనాయి. వీణ లేదు, మృదంగం లేదు, మన పెళ్లి సన్నాయి లేదు. మన దేశం కోసమని చేసిన మోడళ్లలో తబలా, డోలక్ ఉంటాయి. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటివి మన ఆర్కెస్ట్రా వాళ్లకి బాగా అలవాటు. స్టేజీ మీద అవి చాలా బాగా పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. కానీ ట్రాకుని పాడే మనిషి ఇంట్లో కూర్చుని నలభై సార్లు వింటారు. అన్ని సార్లు వింటే రెండో చరణం దగ్గరే చెవికి తెలిసిపోతుంది, ప్రతి దెబ్బా అచ్చు ఒకేలా ఉందని. మనిషి వాయిస్తే ఒక "త" లాగా ఇంకో "త" రాదు.

అందుకని కంప్యూటర్‌కి మారాను. రికార్డింగ్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. అరవై రోజులు వాడి చూసుకోవచ్చు, తర్వాత సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు. శబ్దాల కోసం మొదట లైబ్రరీలని తెరిచి వాయించే కాంటాక్ట్ ప్లేయర్, స్పిట్‌ఫైర్ కంపెనీ వాళ్ల ల్యాబ్స్ అనే శబ్దాల కట్ట పెట్టుకున్నాను, రెండూ ఉచితమే. కాంటాక్ట్ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. ఉచిత ప్లేయర్‌లో అన్ని లైబ్రరీలూ నడవవు. డబ్బు పెట్టి కొనే పూర్తి కాంటాక్ట్ కోసం చేసినవాటిని అందులో తెరిస్తే 15 నిమిషాలకి ఆగిపోతాయి. కొనేముందు ఆ లైబ్రరీ పేజీలో "ప్లేయర్‌లో నడుస్తుంది" అని రాసి ఉందో లేదో చూసుకోండి.

పియానో గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ల్యాబ్స్‌లో ఉన్న సాఫ్ట్ పియానో చాలు. బేస్ గిటార్ కూడా ఉచితంగా దొరికేదే సరిపోతుంది. ఈ రెండింటికీ ఆరేళ్లలో నేను ఒక్క రూపాయి పెట్టలేదు, ఒక్కరూ బాగాలేదనలేదు.

స్ట్రింగ్స్ దగ్గర, అంటే వయొలిన్ల బృందం శబ్దం దగ్గర, చాలామంది తడబడతారు. లైబ్రరీ మంచిదే కొంటారు, వాయించడం మాత్రం హార్మోనియం వాయించినట్టు వాయిస్తారు. మీట నొక్కి పట్టుకుంటే శబ్దం ఒకే మందంలో గోడలా నిలబడిపోతుంది. వయొలిన్ వాళ్లు విల్లు లాగేటప్పుడు ప్రతి స్వరం పుడుతుంది, నిండుతుంది, సన్నబడుతుంది. ఆ ప్రాణం కీబోర్డ్ ఎడమ పక్కన ఉండే మాడ్యులేషన్ చక్రంలో ఉంది. కుడి చెయ్యి స్వరాలు వాయిస్తుంటే, ఎడమ చెయ్యి ఆ చక్రాన్ని ఊపిరి తీసినట్టు పైకి, కిందికి కదుపుతూనే ఉండాలి. నేను నెల రోజులు రోజూ ఇరవై నిమిషాలు ఇదొక్కటే సాధన చేశాను. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ అని 200 ఎంబీ దగ్గర్లో ఉండే చిన్న లైబ్రరీ ఒకటుంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఆ నెల తర్వాత దానితోనే చేసిన ట్రాక్ విని, అంతకుముందు నా ట్రాకుల మీద పాడిన ఒకావిడ "ఈసారి లైవ్ వాయించారా?" అని అడిగారు. లైబ్రరీ మారలేదు, నా ఎడమ చెయ్యి మారింది.

ఇంకో సంగతి. స్ట్రింగ్స్ శబ్దం నిదానంగా మొదలవుతుంది కాబట్టి, తాళానికి సరిగ్గా నొక్కినా వెనకబడినట్టు వినిపిస్తుంది. రీపర్‌లో ఒక్కో ట్రాకుకీ ప్లేబ్యాక్ ఆఫ్‌సెట్ అని ఉంది. అందులో స్ట్రింగ్స్‌ని 80 నుంచి 120 మిల్లీసెకన్లు ముందుకి జరుపుతాను. ఎంతన్నది లైబ్రరీని బట్టి, కళ్లు మూసుకుని వింటూ తేల్చుకోవాల్సిందే.

ఇక నాకు దెబ్బ తగిలిన చోటు చెబుతాను. మూడేళ్ల కింద, దీపావళి తర్వాత వచ్చే డిస్కౌంట్లలో తొమ్మిది వేలు పెట్టి మన వాయిద్యాలవంటూ అమ్మే ఒక విదేశీ లైబ్రరీ కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. డెమో వింటే ఒళ్లు పులకరించింది. తీరా తెరిచి చూస్తే తబలా అంతా సిద్ధంగా వాయించి పెట్టిన లూపులే, అదీ ఒకటిన్నర శ్రుతిలో మాత్రమే. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు ఎక్కువగా ఐదు, ఐదున్నరలో పాడతారు. తబలాని పాడేవాళ్ల శ్రుతికి కలపాలి కదా. ఒకటిన్నరలో ఉన్న శబ్దాన్ని కంప్యూటర్‌లో లాగి ఐదున్నరకి తెస్తే ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టినట్టయింది. విడివిడి దెబ్బలు లేవు కాబట్టి ముక్తాయింపు మనకి కావలసినట్టు పెట్టుకునే వీలూ లేదు. పైగా అవన్నీ ఉత్తరాది నడకలు. అన్నమయ్య కీర్తనకి ఖండ చాపు కావాలంటే అందులో ఐదు అక్షరాల లూప్ ఒక్కటీ లేదు. మన వాయిద్యాల లైబ్రరీ ఏది కొన్నా ముందు మూడు చూడండి: విడి దెబ్బలు ఉన్నాయా, శ్రుతులు ఎన్ని ఉన్నాయి, మృదంగం నిజంగా మృదంగమేనా.

ఆ తొమ్మిది వేలు పోయిన బాధలోనే ఇంకో దారి దొరికింది. మాకు తెలిసిన ఒక మృదంగం మాస్టారు చిక్కడపల్లిలో కచేరీ చూసుకుని రాత్రి మా ఇంటికి వచ్చారు. అపార్ట్‌మెంట్‌లో బోరు మోటార్ ఆగేదాకా కాచుకుని, పదకొండు దాటాక ఫ్యాను, ఏసీ ఆపేశాం. పరుపు లేపి గోడకి ఆనించాను. ఆయన సంచిలోంచి చిన్న స్టీలు గిన్నె తీసి, బొంబాయి రవ్వలో నీళ్లు పోసి మెత్తగా కలిపి, ఆ ముద్దని ఎడమ వైపు తోలు మీద బిళ్లలా అద్దారు. ఒకసారి మోగించి, చిటికెడు తీసేశారు. మళ్లీ మోగించి, ఇంకొంచెం తడి చేశారు. ఆ "తొం" అనే శబ్దం గదిలో నేలబారుగా పాకినట్టు వచ్చేదాకా మైకు ఆన్ చెయ్యనివ్వలేదు. తర్వాత తొమ్మిది రకాల దెబ్బలు, ఒక్కోటి మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, ప్రతిదీ నాలుగేసి సార్లు వాయించారు. మొత్తం 108 ముక్కలు. కుడికి ఒక మైకు, ఎడమకి ఒక మైకు. రికార్డ్ చేసిన శబ్దాలని మీటలకి కట్టే శాంప్లర్ ఒకటి రీపర్‌తో పాటే వస్తుంది, అందులో అవన్నీ పెట్టుకున్నాను. మీట నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారుతుంది, ఒకే దెబ్బ నాలుగు రకాలుగా వంతుల వారీగా వస్తుంది. మరుసటి వారం ఇంకో మృదంగం తెచ్చి ఐదు శ్రుతిలో కూడా అలాగే ఇచ్చారు. ఇన్నేళ్లలో నేను ఎక్కువగా వాడిన వాయిద్యం అదే. ఆయనకి ఇచ్చింది కూడా ఆ లైబ్రరీ ఖరీదు కంటే తక్కువే. ఇవ్వాల్సింది ఇవ్వాలి, ఆ శబ్దాలు ఎక్కడ వాడతామో ముందే చెప్పి ఒప్పించుకోవాలి. కళాకారుడి చేతి శబ్దం ఊరికే తీసుకునేది కాదు.

ఫ్లూట్ దగ్గర ఒక తేడా చాలామంది పట్టించుకోరు. లైబ్రరీల్లో దొరికేది బాన్సురి. వేళ్లు పెట్టే రంధ్రాలు ఆరో ఏడో ఉంటాయి, లోతుగా, తాపీగా జారుతుంది. మన కచేరీ వేణువుకి ఎనిమిది, పలుకు చురుగ్గా ఉంటుంది. సినిమా పాట ట్రాకుకి బాన్సురి అందంగా ఉంటుంది. కీర్తనకి పెడితే, తెలిసినవాళ్లు మొదటి పంక్తికే తల అడ్డంగా ఊపుతారు.

చప్పట్ల గురించి కూడా చెప్పాలి. బతుకమ్మ పాటల ట్రాకుకి మొదటి రెండేళ్లు రెడీమేడ్ చప్పట్లే వాడాను. ఎంత కలిపినా ఏదో లోటు. మూడో ఏడు ఎంగిలిపూల బతుకమ్మకి ముందు ఆదివారం మా సెల్లార్‌లో పద్దెనిమిది మంది ఆడవాళ్లని గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో ఒక్క మైకు పెట్టి, నిజంగా తిరుగుతూ ఆడమన్నాను. విన్నప్పుడు అర్థమైంది, లోటు చప్పట్లలో కాదు, గాజుల్లో. వంగి చప్పట్లు చరిచినప్పుడు చేతి గాజులు ఒక్క క్షణం ఆలస్యంగా గలగలమంటాయి, చెప్పులు లేని కాళ్లు నేల మీద మెత్తగా జరుగుతాయి. ఏ లైబ్రరీలోనూ అది దొరకదు. ఆ ఎనిమిది నిమిషాల రికార్డింగ్ ఇప్పటికీ వాడుతున్నాను.

కలిపేటప్పుడు రెండు జాగ్రత్తలు. ప్రతి లైబ్రరీ తన సొంత రివర్బ్‌తో, అంటే గది ప్రతిధ్వనితో వస్తుంది. పియానో ఒక హాల్లో, మృదంగం ఒక గదిలో, ఫ్లూట్ ఏదో గుహలో ఉన్నట్టుంటుంది. అన్నీ ఆపేసి, అందరికీ కలిపి ఒకటే రివర్బ్ పెట్టండి. రెండోది, మోనోలో, అంటే కుడి ఎడమలు కలిపి ఒకటిగా, విని చూడండి. ఒక హాల్లో మా పాప వయసు పిల్ల పాడుతుంటే నా ట్రాకులో పియానో సగం మాయమైపోయింది. అక్కడి సిస్టమ్ కుడి ఎడమలని కలిపేసి ఒకటిగా ఇస్తోంది. బాగా వెడల్పుగా రికార్డ్ చేసిన శబ్దాలు అలా కలిపితే ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. ఆ పిల్ల పల్లవి ఎత్తుకోవడానికి తడబడింది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి మోనోలో వినకుండా ఏ ట్రాకూ ఇవ్వడం లేదు.

కంప్యూటర్ సంగతి రెండు మాటల్లో: 16 జీబీ ర్యామ్, లైబ్రరీలన్నీ ఎస్ఎస్‌డీలో. పాత హార్డ్ డిస్క్ మీద పెద్ద లైబ్రరీలు చిటపటమంటాయి. వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కోసారి ఎంత ముక్కగా తీసుకోవాలన్న సెట్టింగ్) 128 పెడితే దాని వల్ల వచ్చే ఆలస్యం 3 మిల్లీసెకన్లే, చేతికి తెలియదు. అదే 512 పెడితే 12 దాకా వెళ్తుంది, మృదంగం వాయించలేం. కలిపేటప్పుడు పెంచుకోవచ్చు.

ఇంక వీణ. ఉచితమైనవి, కొన్నవి కలిపి నాలుగు ప్రయత్నించాను, నాలుగూ పక్కన పెట్టేశాను. వీణకి 24 మెట్లు ఉన్నా, పాట మెట్ల మధ్యే ఉంది. వైణికురాలు ఒక మెట్టు మీద తీగని పక్కకి లాగి పై స్వరాలు అక్కడే పలికిస్తుంది. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలవదు, ఊగుతూనే ఉంటుంది. కీబోర్డ్‌లో పిచ్ బెండ్ తిప్పితే స్వరం జారుతుంది, కానీ తీగ బిగిసిన శబ్దం రాదు. పైగా పక్కన మోగుతున్న తాళం తీగలు కూడా దానితో పాటే జారిపోతాయి, నిజం వీణలో అవి కదలవు. సన్నాయిదీ ఇదే కథ. అందుకని వీణ కావాలంటే ట్రాకులో ఆ చోటు ఖాళీగా ఉంచి, మిగతాదంతా పూర్తి చేసి, విద్యానగర్‌లో వీణ నేర్పే మేడమ్‌కి పంపిస్తాను. ఆవిడ ఆదివారం మధ్యాహ్నం మాత్రమే దొరుకుతారు. వీణ ఉన్న ట్రాక్ అడిగినవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను, ఇంకో వారం ఆగాలని.