ఆరేళ్ల తర్వాత మా పాత స్విఫ్ట్

2019లో నా చేతిలో ఉన్నది నాలుగున్నర లక్షలు. విజయనగరం నుంచి గజపతినగరం బడికి రోజూ వెళ్లి రావాలి, సెలవులొస్తే సాలూరు ఘాట్ ఎక్కాలి. మొదటిది అవసరం, రెండోది పిచ్చి. రెండూ తీర్చే కొత్త కారు ఆ డబ్బుకు రాదు కాబట్టి పాతదే వెతికాను.

దొరకడానికి మూడు నెలలు పట్టింది. విశాఖలో ఒక వ్యాపారి చూపించిన కారు అద్దంలా మెరుస్తోంది, మీటరులో ముప్పై రెండు వేలే. నాతో వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తనే లేదు. సీటు బెల్టును చివరిదాకా లాగాడు. ఆఖరి జానెడు మేర మట్టి చార. స్టెప్నీ తీస్తే దాని కింద ఎండిన బురద. "మాస్టారూ, ఇది ఈత కొట్టి వచ్చిన బండి, పదండి" అన్నాడు. నీళ్లలో మునిగి తేలిందన్నమాట. రెండోది కళింగపట్నం దగ్గర, సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో. ఇంజను చక్కగా ఉంది. కింద దూరి చూస్తే ఉప్పుగాలికి ఇనుము పొరలుగా ఊడుతోంది. ఇంజనుకు మరమ్మతు ఉంటుంది, తుప్పుకు వాయిదా మాత్రమే ఉంటుంది.

మూడోది మా ఊళ్లోనే, దాసన్నపేటలో ఒక విశ్రాంత ఉద్యోగిది. 2014 స్విఫ్ట్‌లో పై రకమైన జెడ్ఎక్స్ఐ, పెట్రోలు, నలభై ఆరు వేల కిలోమీటర్లు. పెడళ్ల రబ్బరు మీద గీతలు ఇంకా చెరగలేదు, కాబట్టి మీటరు మాట నమ్మాను. టైరు గోడ మీద 1014 అని ఉంది, అంటే 2014లో పదో వారం తయారీ. కారుతో పుట్టిన టైర్లే. పైకి అరగకపోయినా రబ్బరు గట్టిపడిపోయింది. అది చూపించి పదిహేను వేలు తగ్గించుకున్నాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి వినాలని ఉదయం ఆరింటికి తలుపు కొట్టాను. ఆయన విసుక్కోకుండా కాఫీ ఇచ్చారు. 3,85,000కు తేలింది.

తక్కువ ధరకు కింది రకాలు చాలా దొరికేవి. కానీ ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌కు 2014లో కార్లను గుద్దించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో పెద్దల రక్షణకు సున్నా నక్షత్రాలు వచ్చాయి. రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న పై రకం కోసమే ఆగాను. ఈ విషయంలో బేరం వద్దు.

ఇక నడపడం. 1,197 సీసీ, నాలుగు సిలిండర్లు, చెయ్యి గేర్లు. కాగితం మీద ఇందులో గొప్పేమీ లేదు. కారు బరువు టన్ను లోపే ఉండటం అసలు కిటుకు. సాలూరు దాటి సుంకి వైపు మలుపులు మొదలయ్యాక రెండో గేరు, మూడో గేరు మధ్యే నా ఎడమ చెయ్యి ఆడుతుంది. మలుపు ముందు బ్రేకు, గేరు దించి, ముక్కు తిరగ్గానే యాక్సిలరేటరు. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు దాటాక గొంతు మారుతుంది, అక్కడి నుంచి ఉత్సాహంగా లాగుతుంది. ఎదురుగా ఖనిజం లారీ వస్తే మాత్రం పక్కకు జరిగి పెద్దరికం దానికే ఇస్తాను. నలుగురు కూర్చుని, ఏసీ వేస్తే ఘాట్‌లో ఓపిక కావాలి. ఆ పూట సరదా వెనక సీటు వాళ్లది, చాకిరీ నాది. మా ఆవిడ దృష్టిలో ఎప్పుడూ అంతేనట. 204 లీటర్ల డిక్కీలో పండగకు ఊరెళ్లే సామాను సర్దడం ఆమెకే తెలిసిన విద్య.

డెబ్బై ఎనిమిది వేల కిలోమీటర్లు తిప్పాను. దారిలో ఒక్కసారే ఆగింది, అదీ బ్యాటరీ ముసలిదై. క్లచ్ సెట్టు ఒకసారి, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాలను పట్టి ఉంచే కడ్డీల రబ్బరు తొడుగులు) రెండుసార్లు, టైర్లు ఒక జత కాదు, నాలుగూ. బుష్‌ల తప్పు మా రోడ్లదే. కొన్నప్పుడు మరమ్మతులకని అరవై వేలు పక్కన పెట్టాను, మొదటి ఏడాదిలోనే సగం టైర్లకు, ద్రవాల మార్పుకు పోయాయి. నిదానంగా వెళ్తే లీటరుకు పదిహేడు, ఘాట్‌లో పన్నెండు.

తమ్ముడు ఫోర్డ్ ఫిగో తీసుకోమన్నాడు. స్టీరింగ్ దానిదే ఇంకా బాగుంటుంది, ఒప్పుకుంటాను. అయితే ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు కొనేవారు విడిభాగాలు దగ్గర్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. స్విఫ్ట్ భాగాలు గజపతినగరంలోనూ దొరుకుతాయి.

ఒక పొరపాటు చేశాను. పాత యజమాని అప్పు తీర్చేశారు కానీ ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. 29, 30 ఫారాలతో పేరు మార్చుకోవడానికి వెళ్తే, ముందు 35వ ఫారంతో ఆ బ్యాంకు పేరు తీయించమన్నారు. రెండు నెలలు తిరిగాను. డబ్బు ఇవ్వకముందే ఆర్‌సీ చదవాల్సింది, పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని!

రిజిస్ట్రేషన్‌కు 2029 దాకా గడువుంది. ముందు కుడి చక్రం బేరింగు ఈ వారం సన్నగా గురక పెడుతోంది. ఆదివారం చూపించాలి.