స్టార్ సిటిజన్: ఏళ్ల తరబడి ఆడాక నా అభిప్రాయం

స్టార్ సిటిజన్ అనేది అంతరిక్షంలో షిప్‌లు నడిపే ఆన్‌లైన్ కంప్యూటర్ ఆట. ఇందులో మొదటి గంట చాలామందికి విసుగు పుట్టిస్తుంది. ఆటలో మన పాత్ర మంచం మీంచి లేవాలి, గది దాటి లిఫ్ట్ ఎక్కాలి, లార్‌విల్ లాంటి నగరంలో అయితే రైలు కోసం నిలబడాలి. స్పేస్‌పోర్ట్ చేరి, షిప్‌ను హ్యాంగర్‌కి రప్పించుకుని, కంట్రోల్ టవర్‌ని అడిగి తలుపులు తెరిపించుకోవాలి. ఇంత చేసినా ఇంకా నేల మీదే ఉంటాం. ఆట ఎప్పుడు మొదలవుతుందని అడిగేవాళ్లకి, మంచం మీంచి లేచినప్పుడే మొదలైందని చెప్తాను. అదే నగరం మీంచి లేచి, మబ్బులు దాటి, గ్రహం మొత్తం కింద కనిపించేదాకా ఎక్కడా లోడింగ్ స్క్రీన్ రాదు. ఇంకే ఆటా నన్ను ఇంతగా నమ్మించలేదు.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. నాకు ఆదివారం పొద్దున, వాడికి శనివారం రాత్రి. ఇద్దరం కలిసి సరుకు రవాణా పని పట్టుకుంటాం. 2024లో వచ్చిన 3.24 అప్‌డేట్ నుంచి ఈ పని చేత్తోనే చేస్తున్నాం. హ్యాంగర్‌లో సరుకు లిఫ్ట్ మీద పెట్టెలు కింది నుంచి పైకొస్తాయి. ఒక్కోదాన్నీ ట్రాక్టర్ బీమ్‌తో (వస్తువుల్ని ముట్టుకోకుండా లేపే కిరణం) గాల్లోకి లేపి, తిప్పి, మా షిప్ కట్లస్ వెనక తలుపులోంచి లోపలికి పంపాలి. "అన్నా, కొంచెం ఎడమకి తిప్పు, అంచు తగులుతోంది" అంటాడు వాడు ర్యాంప్ కింద నుంచి. ముందు దించాల్సినవి తలుపు దగ్గర, చివర దించాల్సినవి లోపలికి. ఆ వరస తప్పితే దారిలో అన్నీ తీసి మళ్లీ పేర్చుకోవాలి. ఇంత కష్టపడి ఎక్కించిన సరుకు కాబట్టే, దారిలో తెలియని షిప్ ఎదురైతే నిజంగానే టెన్షన్ వస్తుంది. బటన్ నొక్కితే సరుకు ఎక్కిపోయే ఆటల్లో నాకు ఆ భయం ఎప్పుడూ కలగలేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ సరుకు దొంగలు కొట్టేస్తే చెప్పుకోవడానికి ఒక కథైనా మిగులుతుంది. సర్వర్ పడిపోయి పోతే ఏం మిగులుతుంది? లిఫ్ట్ రాకపోవడం, ఉన్నట్టుండి సర్వర్ పడిపోవడం ఈ ఆట ఆడేవాళ్లందరికీ తెలిసిన సంగతులే. వేరే ఆటలో బగ్ వస్తే ఐదు నిమిషాలు పోతాయి. ఇక్కడ ప్రతి పనికీ ముందు బోలెడు తయారీ కాబట్టి సాయంత్రం మొత్తం పోతుంది. ఇన్సూరెన్స్‌లో షిప్ తిరిగొస్తుంది, సరుకు రాదు. రియలిజం పెంచేకొద్దీ బగ్ ఖరీదు పెరుగుతూ పోతుంది. పాత్రకి ఆకలి, దాహం వేయడం తీసేయమనేవాళ్లతో నేను ఏకీభవించను, అవి ఉండాలి. కానీ కొత్త షిప్‌ల కన్నా ముందు లిఫ్ట్‌లు పనిచేయాలి.

వింగ్ కమాండర్ అనే పాత అంతరిక్ష యుద్ధాల ఆట సృష్టికర్త క్రిస్ రాబర్ట్స్ 2012లో దీన్ని ప్రకటించినప్పుడు 2014 చివరికల్లా వస్తుందన్నారు. దాదాపు 100 నక్షత్ర వ్యవస్థలు ఉంటాయన్నారు. స్టాంటన్ తర్వాత రెండోదైన పైరో అందరికీ అందింది 2024 డిసెంబర్‌లో, 4.0 అప్‌డేట్‌తో. ఆటగాళ్ల నుంచి వచ్చిన సొమ్ము 80 కోట్ల డాలర్లు దాటింది, ఆట ఇంకా ఆల్ఫా దశలోనే, అంటే పూర్తికాని పరీక్ష రూపంలోనే ఉంది. పాత ఆటగాళ్ల కోపంలో న్యాయం ఉంది. అదే 4.0లో సర్వర్ మెషింగ్ కూడా వచ్చింది. ఒకే లోకాన్ని చాలా సర్వర్లు పంచుకుని నడుపుతాయి, వందలమంది అందులో కలిసి ఉండొచ్చు. సొరంగం లాంటి జంప్ పాయింట్‌లోంచి స్టాంటన్ నుంచి పైరోకి దూరినప్పుడు, ఇన్నేళ్లు వీళ్లు దేనితో కుస్తీ పట్టారో నాకు అర్థమైంది.

కొనాలా అని అడిగితే, రేపు వస్తుందన్న దాని కోసం కొనకండి, ఈరోజు ఉన్నది నచ్చితేనే కొనండి. అప్పుడప్పుడు ఫ్రీగా ఆడనిచ్చే రోజులు ప్రకటిస్తారు, ముందు అప్పుడు చూడండి. కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజ్) తప్పనిసరి, 32 జీబీ ర్యామ్ ఉంటే మేలు. మొదలుపెట్టడానికి చిన్న షిప్ ఉన్న ప్యాకేజీ చాలు. వందల డాలర్లు పోసి పెద్ద షిప్‌లు కొనొద్దు, చాలావరకు ఆటలో సంపాదించిన డబ్బుతోనే దొరుకుతాయి. మా కట్లస్ కూడా అలా కొన్నదే.