మలుపులో ఒరిగే పాత స్విఫ్ట్‌కు వెనక స్టెబిలైజర్ బార్: ఏళ్ల వాడకం తర్వాత

నాది 1.3 లీటర్ పెట్రోల్ స్విఫ్ట్, 2005లో మన దగ్గర అమ్మకానికొచ్చిన మొదటి తరం బండి. వారమంతా మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్య తిరుగుతుంది. ఇంటిల్లిపాదినీ ఊరికి తీసుకెళ్లేది అదే. ట్రాక్ డే (సొంత బండితో రేసు ట్రాక్ మీద తిరగనిచ్చే రోజు) కుదిరితే హెల్మెట్ డిక్కీలో వేసుకుని, 44వ జాతీయ రహదారి పట్టుకుని కర్నూలు, బెంగళూరు, సేలం దాటి కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకు పోయేదీ అదే. రేసు కోసం వేరే కారు, దాన్ని మోయడానికి ట్రైలర్ పెట్టుకోలేని కుర్రాళ్లు పాలమూరులో, నల్లగొండలో నాకు చాలామందే తెలుసు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, బండి ఒరగడం ఎట్లా తగ్గించాలన్నదే. నా జవాబు సూటిగా చెప్తా. ముందు చక్రాలతో లాగే చిన్న కారుకు టైర్లు బాగుంటే, మొదటి రూపాయి వెనక స్టెబిలైజర్ బార్ మీద, అంటే కుడి ఎడమ చక్రాలను కలిపి బండి ఒరగకుండా పట్టే ఉక్కు కడ్డీ మీద పెట్టండి. కిందికి దించే స్ప్రింగుల సంగతి ఆ తర్వాత.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలో స్విఫ్ట్ మంచి బండే. కానీ కరి ట్రాక్ పొడవు 2.1 కిలోమీటర్లే, మలుపు మీద మలుపు. అక్కడ స్టీరింగ్ తిప్పితే బండి మొదట ఒరుగుతుంది, ఒరగడం పూర్తయ్యాకే తిరగడం మొదలుపెడుతుంది. ఎడమ మలుపు వెంటనే కుడి మలుపు వస్తే, అటు వాలింది లేచి ఇటు వాలేదాకా వరిగడ్డి నింపిన ట్రాలీలాగా ఆగి చూడాల్సిందే. అప్పటికే ముందు బయటి టైరు అంచు మీద పాకుతూ కీచుమంటుంది, మూతి మలుపు బయటికి పోతుంది. నేను స్టీరింగ్ ఇంకాస్త తిప్పినా లాభం ఉండేది కాదు.

ఇక్కడ ఒక సంగతి తేలికగా అర్థం కాదు. ఒరగడం తగ్గిస్తే బరువు బయటి చక్రాల మీదికి పోవడం ఆగదు. వెయ్యి కిలోల బండి, బరువు కేంద్రం నేలకు అర మీటరు ఎత్తులో, కుడి ఎడమ చక్రాల మధ్య 1.47 మీటర్లు అనుకోండి. 0.8 జీ పట్టుతో, అంటే బండి బరువులో 80 శాతమంత పక్కబలంతో మలుపు తీస్తే ఇంచుమించు 270 కిలోలు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారతాయి. ఎంత గట్టి బార్ వేసినా ఆ 270 అంతే. బార్ మార్చేది ఆ భారాన్ని ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్న వాటాను. ముందు చక్రాలే లాగాలి, అవే తిరగాలి, బ్రేకులో ఎక్కువ పనీ వాటిదే. వాటి మీది మోత కొంత వెనక్కి పంపితే ముందు పట్టు పెరుగుతుంది. వెనక లోపలి చక్రం నేల వదిలి లేచినా నష్టం లేదు, దానికి ఇంజిన్‌తో పనే లేదు కదా.

జడ్చర్లలో నా బండి చూసే మెకానిక్ అన్న ఇదే విషయాన్ని స్పానర్ తుడుచుకుంటూ ఒక్క ముక్కలో చెప్పాడు: "తమ్మీ, ముంగట గట్టిగ చేస్తే లోపలి చక్రం ఒట్టిగనే గిర్రున తిరుగుతది, బండి లాగదు. ఎనక చెయ్యి." మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని కుడి ఎడమ చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఉన్న బండికి ఇంతకంటే నిజమైన మాట లేదు.

స్విఫ్ట్ వెనక ఉన్నది టోర్షన్ బీమ్. రెండు చక్రాల చేతుల్నీ కలిపే ఆ దూలమే మెలితిరుగుతూ కొంతవరకు స్టెబిలైజర్ పని చేస్తుంది. నేను వేయించింది దానికి తోడుగా, రెండు స్ప్రింగ్ పళ్లేల మధ్య అడ్డంగా బోల్టు చేసే ఉక్కు కడ్డీ. నాలుగు బోల్టులు, వెల్డింగ్ లేదు. బీమ్‌కు వెల్డింగ్ పెట్టించొద్దని గట్టిగా చెప్తాను. రోజూ మెలితిరిగే ఇనుము అది, కాల్చిన చోట పగుళ్లు పుట్టే అవకాశం ఉంటుంది. బిగించేటప్పుడు కడ్డీకీ హ్యాండ్ బ్రేక్ కేబుల్‌కీ, సైలెన్సర్ పైపుకీ మధ్య ఖాళీ ఉందో లేదో చక్రాలు వేలాడేసి ఒకసారి, నేల మీద దించి ఒకసారి చూడాలి.

కొనేటప్పుడు మిల్లీమీటర్లను చిన్నచూపు చూడొద్దు. గట్టి కడ్డీ మెలితిరగనీయకుండా ఆపే బలం దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 18ది వేస్తే ఆ బలం 60 శాతం ఎక్కువ. 18 బదులు 20 వేస్తే ఇంకో 52 శాతం. అందుకే చూడ్డానికి బొటనవేలంత ఉన్న రెండు కడ్డీల మధ్య బండి నడకలో అంత తేడా. మొదటిసారి వేయించేవాళ్లు సన్న రకంతోనే మొదలుపెట్టాలి.

పని చేసిందా లేదా అన్నది సీట్లో కూర్చుని అనుకుంటే తేలదు, కొలవాలి. నేను వాడేవి చాక్‌పీసు, కేబుల్ టై. టైరు పక్కగోడ పైభాగంలో, ట్రెడ్ మొదలయ్యే చోట చిన్న త్రికోణం గుర్తు చాలా టైర్ల మీద ఉంటుంది. దాని మీదుగా చాక్‌పీసుతో అడ్డగీత గీసి కొన్ని రౌండ్లు తిప్పి రావాలి. గీత త్రికోణం కిందిదాకా చెరిగిపోతే టైరు పక్కకు దొర్లుతున్నట్టు. త్రికోణం మొన దగ్గరే ఆగితే సరిగ్గా ఉన్నట్టు. ఇక కేబుల్ టై. ముందు షాకప్ రాడ్ మీది రబ్బరు బూట్ పైకి జరిపి, రాడ్‌కు టై చుట్టి, కింద సిలిండర్ మూతిదాకా నొక్కి వదిలాను. స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడల్లా సిలిండర్ మూతి టైని పైకి నెడుతుంది, మళ్లీ సాగినా టై మాత్రం అక్కడే ఉండిపోతుంది. బార్ లేనప్పుడు టై పోయి బంప్ స్టాప్‌కు, అంటే షాకప్ పూర్తిగా నొక్కుకోకుండా ఆపే రబ్బరు ముక్కకు అతుక్కునేది. అంటే మలుపు మధ్యలో ముందు సస్పెన్షన్ అడుగంటుతోంది. అక్కడికి చేరాక స్ప్రింగ్ ఉన్నా లేనట్టే, టైరు మీద ఒక్కసారిగా భారం పడి పట్టు జారుతుంది. బార్ వేశాక అదే ట్రాక్‌లో అవే టైర్లతో టైకీ బంప్ స్టాప్‌కీ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. చాక్‌పీసు గీత కూడా మొన దాటలేదు. ట్రాక్ అంచు దిమ్మ (కర్బ్) ఎక్కితే మాత్రం ఈ కొలత పనికిరాదు, టై మళ్లీ దించి మొదటినుంచి చూడాలి.

డ్రైవింగ్‌లో తేడా ఎక్కువగా తెలిసేది మలుపులోకి దిగే క్షణంలో. తిప్పగానే తిరుగుతుంది. మలుపులో యాక్సిలరేటర్ కొద్దిగా వదిలితే మూతి లోపలికి వస్తుంది. ఇంతకుముందు ఈ బండిలో అది ఊహించలేం.

కిందికి దించే స్ప్రింగుల గురించి నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు. ముందున్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకప్పూ ఒకే కాలుగా ఉండే అమరిక. బండిని బాగా దించితే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. అప్పుడు బరువు కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్ (బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగుతుంది, బండిని ఒరగదీసే మీట పొడుగవుతుంది. స్ప్రింగ్ కూడా అందుకు తగ్గట్టు గట్టిపడకపోతే ఎత్తు తగ్గిన బండే ఎక్కువ ఒరుగుతుంది. 25 మిల్లీమీటర్లు దాటి దించడం దండగ. స్ప్రింగ్ చుట్లు కోయించడం అయితే ప్రమాదం, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగ్ తన పళ్లెంలోంచి జారిపోగలదు. బానెట్ కింద మెరిసే స్ట్రట్ బార్ బండి ఒరగడాన్ని ఏమీ తగ్గించదు, దాని పని బాడీ వంగకుండా చూడటం.

షాకప్‌లు ఎంత ఒరగాలో నిర్ణయించవు, ఎంత వేగంగా ఒరగాలో నిర్ణయిస్తాయి. ఎస్ మలుపులో ఆ తేడా చాలా పెద్దది కాబట్టి అరిగినవాటిని మార్చి తీరాలి. టైర్ల ఎత్తు కూడా చూడండి. 165/80 ఆర్14 టైరు పక్కగోడ 132 మిల్లీమీటర్లు, 195/55 ఆర్15ది 107. ఆ పాతిక మిల్లీమీటర్ల రబ్బరు వంగడాన్నే మనం చాలాసార్లు బండి ఒరగడం అనుకుంటాం. ముందు స్ట్రట్‌కు కేంబర్ బోల్టులు వేయించి చక్రాల తలలు కాస్త లోపలికి వంచితే, ఒరిగినప్పుడు బయటి టైరు నిటారుగా నిలబడుతుంది. దాని తర్వాత టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయించకపోతే కొత్త టైర్లు చూస్తుండగానే అరుగుతాయి.

ఇక మన రోడ్ల మీద. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి కాబట్టి బార్ ఉన్నా లేనట్టే, కుదుపు ఏమాత్రం పెరగలేదు. తెలిసేది ఊరి బాట మీద. ఒక చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ రెండో వైపుకూ పాకుతుంది, వెనక కూర్చున్నవాళ్ల తలలు అటూ ఇటూ ఊగుతాయి. మా అమ్మ ఈ విషయంలో నన్ను ఇప్పటికీ తిడుతుంది. కానీ శ్రీశైలం పోయేటప్పుడు బార్‌ను మెచ్చుకునేదీ ఆమే. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది కదా, తెల్లవారి గేటు తీయగానే బయల్దేరతాం. దోమలపెంట దాటి కృష్ణా నది దగ్గరికి దిగే మెలికల్లో ఆమెకు ఇంతకుముందు కడుపులో తిప్పేది. నిదానంగా పోయినా బండి ఊయలూగేది మరి. ఇప్పుడు కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చుంటుంది.

వానలో మాత్రం జాగ్రత్త. ఎండాకాలమంతా దుమ్ము, నూనె పట్టిన హైవే మీద తొలకరి పడ్డప్పుడు, మలుపులో భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం బయటికి జారుతుంది. ట్రాక్ మీద మనకు నచ్చిన గుణమే తడి రోడ్డు మీద పగబడుతుంది. వెనక టైర్లు అరిగినవైతే ఈ బార్‌తో వానలో అస్సలు తిరగొద్దు. కొత్త టైర్ల జత ఎప్పుడు కొన్నా వెనకకే వేయండి. మట్టి ఆటోక్రాస్‌కు (మైదానంలో గుర్తుల మధ్య టైమ్ చూసి నడిపే పోటీకి) పోతే నేను బార్ విప్పేస్తాను. జారే నేల మీద నాలుగు చక్రాలూ నేలను పట్టుకునే మెత్తటి బండే నయం.

ఇన్నేళ్లలో కడ్డీకి ఏమీ కాలేదు, రంగు పోయి రాళ్లు తగిలిన మచ్చలు పడ్డాయంతే. బోల్టులు మాత్రం వేసిన కొత్తలో ఒకసారి, ప్రతి ట్రాక్ డే ముందు ఒకసారి టార్క్ రెంచ్‌తో చూడాల్సిందే. ముందు చక్రాల వైపు ఫ్యాక్టరీ నుంచే ఉన్న బార్‌కు నేను వేసిన పాలీయురేథేన్ బుష్‌లు (బార్‌ను పట్టి ఉంచే మెత్తటి తొడుగులు) మన ఎర్ర దుమ్ము పట్టి కిర్రుకిర్రుమంటాయి. విప్పి కడిగి సిలికాన్ గ్రీజు పూస్తే కొన్నాళ్లు నోరు మూసుకుంటాయి. రోజువారీ బండికి ఫ్యాక్టరీ రబ్బరు బుష్‌లే సుఖమని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

పోటీకి దిగేవాళ్లకు రెండు సంగతులు. మన దేశంలో మోటార్ పోటీలను చూసే సమాఖ్య ఎఫ్ఎమ్ఎస్‌సీఐ గుర్తింపు ఉన్న పోటీకి దాని లైసెన్స్ కావాలి, మీ తరగతిలో అదనపు బార్ ఒప్పుకుంటారో లేదో నిబంధనలు చదివాకే వేయించండి. మామూలు మోటార్ పాలసీ రేసింగ్‌నూ స్పీడ్ టెస్టింగ్‌నూ కవర్ చేయదు, ట్రాక్ మీద ఏం జరిగినా ఖర్చు మనదే.

ఐ20, పోలో వెనక ఉన్నదీ టోర్షన్ బీమే కాబట్టి లెక్క వాటికీ ఇదే, కడ్డీ మాత్రం ఏ బండికి ఆ బండిదే తెప్పించుకోవాలి. ఆల్టో 800 వాళ్లు ఈ బార్ కోసం వెతకొద్దు. దాని వెనక ఉన్నది వేరే రకం ఇరుసు, అది పట్టదు. ఆ బండికి మంచి షాకప్‌లు, వెడల్పు టైర్లతో మొదలుపెట్టాలి.