గాల్వెస్టన్‌లో చలికాలపు ట్రౌట్ వేటకు పడవ మాట్లాడుకునేవారికి హెచ్చరిక

టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ అఖాతంలో స్పెకిల్డ్ ట్రౌట్ అనే చేపను పట్టడానికి ఈ చలికాలంలో గైడ్‌ను, పడవను మాట్లాడుకోవాలని అనుకుంటున్న తెలుగు మిత్రులకు ఈ హెచ్చరిక. గత జనవరిలో మేము నలుగురు స్నేహితులం 700 డాలర్లకు ఒక పడవ మాట్లాడుకొని, డబ్బు పోగొట్టుకోవడమే కాక ప్రాణాల మీదికి కూడా తెచ్చుకున్నాము. ఆ కెప్టెన్ పేరు ఇక్కడ రాయడం లేదు. అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాము. పేరు కన్నా ఆయన మమ్మల్ని నమ్మించిన తీరు తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం, ఎందుకంటే అదే తీరులో రేపు మరొకరు మిమ్మల్ని నమ్మించవచ్చు.

మమ్మల్ని మొదట ఆకట్టుకున్నవి ఆయన ప్రకటనలోని ఫోటోలు. పడవ అంచు మీద ముప్పై, నలభై ట్రౌట్‌లు వరుసగా పేర్చి ఉన్నాయి, వెనుక నలుగురు మనుషులు నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఆ ఫోటోలే ఆయనను పట్టించాలి, కాని మాకు అప్పటికి ఆ జ్ఞానం లేదు. గాల్వెస్టన్ వైపు ఒక్కొక్కరు రోజుకు 10 ట్రౌట్‌లు ఉంచుకునే వీలు 2019లో పోయింది. ఆ సంవత్సరం పరిమితి 5కు తగ్గింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్ తీరమంతటా కనీసం 38 లక్షల చేపలు చనిపోయాయని రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్క కట్టింది. తరువాత 2024 మార్చిలో పరిమితిని 3కు తగ్గించి, సాధారణంగా 15 నుంచి 20 అంగుళాల మధ్య ఉన్న చేపలను మాత్రమే ఉంచుకోవాలన్నారు. అంటే నలుగురికి 12. నలుగురి ముందు నలభై చేపలు కనిపించే ఫోటో చాలా పాతదైనా అయి ఉండాలి, చట్టవిరుద్ధమైనదైనా అయి ఉండాలి.

శనివారం ప్రయాణానికి సోమవారమే 250 డాలర్లు అడ్వాన్స్ అడిగారు, అదీ జెల్ (Zelle) అనే బ్యాంకు బదిలీ యాప్ ద్వారానే పంపాలన్నారు. వాతావరణం బాగుండకపోతే ఏం చేస్తారని మా మిత్రుడు అడిగితే "అప్పుడు చూసుకుందాం" అన్నారు. ఆ మాటను నమ్మి డబ్బు పంపడం మేము చేసిన మొదటి తప్పు. గురువారానికల్లా శుక్రవారం రాత్రి చలిగాలి దిగుతుందని, శనివారం చిన్న పడవలు జాగ్రత్తగా ఉండాలని జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరించింది. మరో రోజుకు మార్చమని అడిగితే, రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వనని, పైగా చలిగాలి వచ్చినప్పుడే ట్రౌట్ బాగా తింటుందని చెప్పారు.

ఈ మాటలో సగం నిజం ఉంది, మోసం కూడా అక్కడే ఉంది. చలిగాలి రావడానికి ముందు కొన్ని గంటలపాటు ట్రౌట్ ఆబగా తినే మాట వాస్తవమే. గాలి దాటిపోయి నీరు చల్లబడిన తరువాత మాత్రం అది లోతైన గుంటల్లోకి, ఎండకు వేడెక్కే బురద నేలల మీదికి చేరి, ఎరను చాలా నెమ్మదిగా లాగితే తప్ప నోరు తెరవదు. అటువంటి రోజున తెల్లవారకముందే బయలుదేరడం కన్నా ఎండ కాసిన మధ్యాహ్నం వెళ్లడమే మంచిదని తెలిసినవారు చెబుతారు. ఆయన మమ్మల్ని ఉదయం ఆరు గంటలకు, గాలి హోరుగా వీస్తుండగా, గాల్వెస్టన్ ద్వీపం పడమటి భాగంలోని బోట్ రాంప్‌కు, అంటే పడవలను నీటిలోకి దించే చోటుకు, రమ్మన్నారు.

గాల్వెస్టన్ అఖాతం చాలా చోట్ల పది అడుగుల లోతు కూడా లేనిది. ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే అఖాతంలోని నీటిని సముద్రంలోకి తోసేస్తుంది. మామూలుగా నీళ్ల కింద ఉండే ఆల్చిప్పల దిబ్బలు అప్పుడు పైకి తేలుతాయి, లేదా ఇంకా ప్రమాదకరంగా అంగుళాల లోతులో దాగి ఉంటాయి. పైగా మేము బయలుదేరిన ద్వీపపు ఒడ్డుకు ఉత్తరపు గాలి నేరుగా తగులుతుంది. ద్వీపానికి ఉత్తరాన ఉన్న వెస్ట్ బే అనే నీటిపాయ వెడల్పంతా దాటివచ్చిన అలలు వచ్చి కొట్టేది ఆ ఒడ్డునే. మా మిత్రుల్లో ఒకరిది ఉప్పాడ దగ్గర ఊరు. రాంప్ దగ్గర నీరు ఎంత వెనక్కి పోయిందో చూడగానే ఆయన "ఇది మామూలు ఆటు కాదు, గాలి లాగేసిన నీరు, వద్దు" అన్నారు. 250 డాలర్లు పోతాయన్న బాధతో మిగిలిన ముగ్గురం ఆయన మాట వినలేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

ఒక గంటన్నర వేటాడితే పన్నెండు అంగుళాల ట్రౌట్ ఒక్కటి పడింది. కెప్టెన్ దాన్ని ఐస్ పెట్టెలో వేయబోతే మేమే ఆపి నీటిలో వదిలించాము. "మీ నలుగురివి, నావి కలిపి పదిహేను పట్టవచ్చు" అని అంతకుముందే అన్నారు. అదీ తప్పే. టెక్సాస్‌లో గైడ్ పడవలో ఉంచుకునే చేపల లెక్కలోకి గైడ్‌గాని, ఆయన సహాయకుడుగాని రారు. పొట్టి చేపగాని, లెక్కకు మించిన చేపలుగాని పెట్టెలో ఉండి వేట నియమాలను అమలు చేసే అధికారి (వార్డెన్) తనిఖీకి వస్తే, మా గైడ్ చెప్పాడన్న సాకు మనల్ని కాపాడదు.

తిరిగి వస్తుండగా పడవ ఆల్చిప్పల దిబ్బ మీదికి ఎక్కి ఆగిపోయింది, మోటారు రెక్క విరిగింది. రేడియో పనిచేయలేదు. అలల నీరు మీద పడుతూ, ఎముకలు కొరికే గాలిలో రెండు గంటలకు పైగా కూర్చున్నాము. చివరికి అటువైపు వచ్చిన మరొక పడవలోని పెద్దమనిషి తాడు వేసి లాగి మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది: ఐదుగురం ఉన్న ఆ పడవలో లైఫ్ జాకెట్లు మూడే ఉన్నాయి.

ఒడ్డున లైసెన్స్ చూపించమని గట్టిగా అడిగితే, ఇంట్లో ఉందన్నారు. డబ్బు తీసుకొని మనుషులను పడవలో తీసుకువెళ్లేవారికి కోస్ట్ గార్డ్ ఇచ్చే కెప్టెన్ లైసెన్స్ ఉండి తీరాలి. దానిని ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. చిన్న పడవలకు సాధారణంగా ఉండే లైసెన్స్‌తో డబ్బు చెల్లించే ప్రయాణికులను ఆరుగురికి మించి ఎక్కించుకోకూడదు. దీనికి తోడు టెక్సాస్ రాష్ట్రపు గైడ్ లైసెన్స్ వేరుగా ఉండాలి. ఈ రెండూ ఉన్న కెప్టెన్, అడగగానే ఫోటో తీసి పంపుతారు; ఆ తరువాత మేము మాట్లాడిన ఇద్దరు అలాగే పంపారు. కనుక అడ్వాన్స్ చెల్లించక ముందే వాటిని అడిగి, గడువు తేదీ చూడండి. పడవకు బీమా ఉందా, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా, రేడియో పనిచేస్తుందా అని అడగడానికి మొహమాటపడకండి.

అన్నిటికన్నా ముఖ్యం, గాలి మాట ముందే రాతలో ఉండాలి. వాతావరణ సంస్థ చిన్న పడవలకు హెచ్చరిక జారీ చేస్తే ప్రయాణం వాయిదా వేస్తామనో, అడ్వాన్స్ తిరిగి ఇస్తామనో కెప్టెన్ మెసేజ్ రూపంలోనైనా ఒప్పుకోవాలి. చలికాలంలో ఇది లేకుండా ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు. జెల్‌లో పంపిన సొమ్మును వెనక్కి తెప్పించుకోవడం దాదాపు అసాధ్యం. మా బ్యాంకు మేము ఇష్టపూర్వకంగా పంపిన డబ్బు అని చెప్పి చేతులెత్తేసింది. క్రెడిట్ కార్డుతో చెల్లించి ఉంటే, బిల్లు వచ్చిన 60 రోజులలోగా అభ్యంతరం రాసే హక్కు చట్టప్రకారం ఉండేది. మన వంతుగా మనం తీసుకోవలసిన ఉప్పునీటి లైసెన్స్ మరచిపోకండి. టెక్సాస్‌లో ఉండేవారికి ఒక్క రోజుకు 11 డాలర్లు, బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవారికి 16.

ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. మా మిత్రుడి పదకొండేళ్ల కుమారుడు కూడా ఆ రోజు మాతో రావలసింది. ముందురోజు రాత్రి జ్వరం తగలడంతో ఇంట్లోనే ఉండిపోయాడు. 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపు 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలన్నది టెక్సాస్ చట్టం. ఆ పడవలో ఉన్న మూడూ పెద్దవారి జాకెట్లే. వాడి కోసం వాళ్లమ్మ ముందురోజు సర్దిన సంచి మేము తిరిగి వచ్చేసరికి వాకిట్లో అలాగే ఉంది.